సాయంత్రం వచ్చే ఫోను

ఖతర్‌లో, మెసయీద్‌లోని కంపెనీ క్యాంప్ గదిలో నా పక్క మంచం తమ్ముడిది. సొంత తమ్ముడు కాదు. మా జిల్లావాడు కాబట్టి అలా పిలుస్తాను. పొద్దున డ్యూటీకి వెళ్ళేటప్పుడు చక్కగా ఉండేవాడు. సాయంత్రానికి ఎడమ రెప్ప వాలిపోయేది, మాట ముక్కులోంచి ముద్దముద్దగా వచ్చేది. నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ అలసిపోయి కంచం పక్కన పెట్టేసేవాడు. నా వంట నచ్చలేదేమో అని నేనూ మూతి ముడుచుకున్నాను.

ఊళ్ళో అతని భార్యది వేరే అనుమానం. వీడియో కాల్ కుదిరేది సాయంత్రమే. ఆమె తండ్రి తాగి తాగి పోయినవాడు. వాలిన కన్ను, తడబడే మాట చూసి ఇంకేం ఆలోచించలేదు.

"దుబాయ్ పోయి తాగుడు నేర్చినవ్" అని ఫోన్ పెట్టేసింది. మా ఊళ్ళవాళ్ళకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. మళ్ళీ ఎత్తలేదు.

మా క్యాంప్‌లో మంచి మజ్జిగ దొరకడమే గగనం, మందు ఎవడు పోస్తాడు? నా ఫోన్ నుంచి చేసి అదే చెబితే, "నువ్వు గూడ ఆయన పక్కన కూసునేటోనివే గదన్నా" అంది. నాకు ఒళ్ళు మండింది.

చివరికి ఆసుపత్రికి తీసుకెళ్తే, రక్తపరీక్షలు, స్కాన్ అయ్యాక సంగతి తెలిసింది. నరాలు చెప్పింది కండరాలకు సరిగ్గా అందని జబ్బట, పేరు మయస్థీనియా. రొమ్ము ఎముక వెనక థైమస్ గ్రంథిలో గడ్డ కూడా ఉంది. ఆపరేషన్ చేసి తీసెయ్యాలన్నారు. తమ్ముడు ఒప్పుకోలేదు.

"టేబుల్ మీదనే పోతే ఎట్లన్నా? తాగి సచ్చిండనే అనుకుంటది."

నా వచ్చీరాని హిందీలో అదంతా డాక్టర్‌కు చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆమెకు వీడియో కాల్ చెయ్యమన్నాడు. నా నంబరు కాబట్టి ఎత్తింది. డాక్టర్ గ్లౌజులో ఐసు ముక్కలు వేసి తమ్ముడి రెప్ప మీద కాసేపు అదిమి తీశాడు. రెప్ప లేచింది. చల్లదనానికి ఈ జబ్బులో కండరం కొంచెంసేపు తేరుకుంటుందట. నేను తెలుగులో చెప్పాను. చూస్తుండగానే రెప్ప మళ్ళీ కిందికి జారింది. ఆమె ఏడ్చేసింది.

"ముందు ఆపరేషన్ చేయించుకో" అంది.

ఊపిరి కండరాలు బలహీనపడకుండా ముందుగా మందు ఎక్కించి, ఆ తర్వాత ఛాతీ ఎముక కోసి గడ్డతోపాటు గ్రంథినంతా తీశారు. ఊపిరి మిషన్ తీసేసి తన ఊపిరి తను పీల్చేదాకా నాకు ప్రాణం ప్రాణంలో లేదు. నీరసం వెంటనే పోదని డాక్టర్ చెప్పే ఉన్నాడు.

వార్డుకు మార్చిన రోజు సాయంత్రం ఆమే ఫోన్ చేసింది. తమ్ముడు నోరు తెరిస్తే అదే ముద్ద మాట.

"నువ్వు మాట్లాడకు. నేను జెప్త, ఇను" అని బర్రె ఈనిన సంగతి మొదలుపెట్టింది.

ఫోన్ పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. ఆమె చెబుతుండగానే అతని రెప్పలు రెండూ వాలిపోయాయి. ఏమనుకుంటుందోనని నేను గబగబా ఏదో చెప్పబోయాను.

"నాకెరుకే అన్నా, ఆయన ఇంటున్నడు" అని ఆమె దూడ రంగు చెప్పసాగింది.