మా అత్త అడిగిన తెలివితక్కువ ప్రశ్నలు

మా మేనత్తకు ఒకటే జబ్బు: ప్రశ్నలడగడం. అర్థం కాకపోతే ఒకసారి అడుగుతుంది, అర్థమైతే రెండుసార్లు అడుగుతుంది. బస్సులో టికెట్ల యంత్రం ఎలా పనిచేస్తుందని కండక్టరును పట్టుకుని, దిగాల్సిన స్టాపు దాటి, చివరిదాకా వెళ్లి వచ్చిన మనిషి. పన్ను పీకించుకుంటూ కూడా నోరు తెరిచి ఏదో అడగబోయింది. "పీకాక అడగండమ్మా" అన్నాడు డాక్టరు. పీకాక అడిగింది, ముప్పావుగంట!

నలభయ్యో ఏట సైకిలు, యాభయ్యో ఏట ఈత నేర్చుకున్న ఈ ధైర్యస్థురాలు ఒక్క కంప్యూటరు పేరు చెబితే మాత్రం గజగజ వణికేది.

ఆవిడ ఉద్యోగం ఆస్పత్రి రికార్డు గదిలో. ముప్పై ఏళ్లుగా ఏ రోగి ఫైలు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని తీసేది. ఆ గదిలోకీ కంప్యూటర్లు వచ్చాయి. మూడు నెలల్లో నేర్చుకుని పరీక్ష గట్టెక్కనివాళ్లను ఊరి చివరి గోదాముకు మారుస్తామని ఆర్డరు. డ్యూటీ అయ్యాక ఆ గదిలోని ఏడుగురికీ పాఠం చెప్పడానికి కుదిరినవాణ్ణి నేనే.

మొదటిరోజు అత్త మౌసును రెండు చేతులా, పావురాన్ని పట్టుకున్నట్టు పట్టుకుంది. ఇంతలో తెర నల్లబడింది.

"నేనేం చెయ్యలేదు!" అంటూ కుర్చీతో సహా గోడ దాకా జరిగింది.

"నిద్రపోయిందత్తా. కదిపితే లేస్తుంది."

"పడుకున్నదాన్ని లేపడమెందుకురా, పాపం?"

"ఏ మీట నొక్కినా పేలదు. భయపడకు."

"పేలితే పోయేది నేనేగా! రోగుల కాగితాలు పోతేనో? వాళ్లకేం జవాబు చెప్పను?"

భయం ఎక్కడుందో అప్పుడు తెలిసింది నాకు. ఉత్తుత్తి రోగులతో ఒక పట్టిక తయారుచేసి, "వీళ్లెవరూ ఈ లోకంలో లేరు. ఎంతమందిని చెరిపినా నిన్నెవరూ అడగరు" అన్నాను. ఆ సాయంత్రం అరవైమందిని తుడిచిపెట్టింది. తుడిచి, మళ్లీ రాసింది. మర్నాటినుంచి రోజూ డ్యూటీకి అరగంట ముందే వచ్చి కూర్చునేది.

అయినా పాఠంలో ప్రశ్నలు తగ్గలేదు. "ఫైలు కంప్యూటర్లో దాచడం ఇంకోసారి చెప్పు." చెప్పాను. "ఆ చిన్న గీత ఎందుకలా మిణుకుమిణుకుమంటోంది?" చెప్పాను. "దాచడం ఇంకోసారి చెప్పు." ఆరోసారి! మిగతా ఆరుగురూ బుద్ధిగా తలలూపేవాళ్లు. ఆఫీసరు కిటికీలోంచి తొంగిచూసి, "మీ అత్తగారు గట్టెక్కుతారంటారా?" అని అడిగితే నాకు తల కొట్టేసినట్టయింది.

ఒక ఉదయం నేనూ తొందరగా వెళ్లాను. గదిలో అత్త ఒక్కతే ఉంది. నిన్న ఆరుసార్లు అడిగినపని చకచకా చేసేస్తోంది. నేనింకా చెప్పని పాఠం కూడా!

"అత్తా! అన్నీ వచ్చి ఉండీ నా ప్రాణం ఎందుకు తోడేస్తున్నావు?"

అత్త గుమ్మంవైపు చూసి గొంతు తగ్గించింది. "ఫైళ్లు కుట్టే బైండరు ఇన్నాళ్లలో ఒక్కసారైనా నోరు విప్పాడా?"

"లేదు. అన్నీ అర్థమవుతున్నట్టున్నాయి."

"నీ మొహం! చేతులు వణుకుతుంటే బల్లకింద దాచుకుంటున్నాడు. చీటీలు రాసే ఆవిడైతే నువ్వు వెనక్కి తిరగ్గానే నన్ను గిల్లుతుంది. తెలీదని చెప్పడానికి వాళ్లకి సిగ్గురా. నాకు పుట్టుకతోనే లేదు. అందుకే వాళ్ల మొహాలు చూసి వాళ్ల ప్రశ్నలు నేనడుగుతున్నా."

"నిన్ను మొద్దు అనుకుంటున్నారే!"

"అనుకోనీ. నాకేమైనా అరిగిపోతుందా?"

ఆ సాయంత్రం నేను బల్లకింద ఎవరి చేతులున్నాయో చూస్తూ పాఠం చెప్పాను. అత్త అడగకముందే ఏడోసారీ చెప్పాను.

పరీక్షలో ఏడుగురూ గట్టెక్కారు. గోదాముకు ఎవరూ వెళ్లలేదు. బైండరుకు అత్తకన్నా రెండు మార్కులు ఎక్కువొచ్చాయి. ఆయన కాగితం పట్టుకుని గదంతా తిరుగుతుంటే, "ఆ రెండూ ఎలా సంపాదించారో చెప్పండి" అని అత్త ఆయన వెంటపడింది. ఆయన ఛాతీ విరుచుకుని, బల్ల దగ్గర కూర్చోబెట్టి మరీ చెప్పాడు. అత్త శ్రద్ధగా రాసుకుంది. ఈసారి నిజంగానే తెలీక అడిగిందో, ఆయన సంతోషం చూడ్డానికి అడిగిందో నేను తెలుసుకోదలచుకోలేదు.

ప్రస్తుతం ఆవిడ ఫోన్లు బాగుచేయడం నేర్చుకుంటోంది. బాగానే ఉన్న నా ఫోను మూడురోజులుగా ఆవిడ బల్లమీద ముప్పైరెండు ముక్కలుగా ఉంది. నాతో పనిబడ్డవాళ్లు దయచేసి ఇంటికి రండి. మా అత్తను కూడా పరిచయం చేస్తాను.