వేట లేని నెలలో తాజా రొయ్యలు

నాకు ముక్కు మీద కోపం, మాటలో తొందర. ఈ రెండూ ఉండబట్టే ఈ పనిలో నెగ్గుకొచ్చానని మావాళ్ళంటారు, నేనూ కాదనను. తెనాలిలో మా మేడ మీద గదిలో కూర్చుని మూడు వ్యాపారాల సోషల్ మీడియా ఖాతాలు నడుపుతాను. ఊళ్ళో చీరల కొట్టు ఒకటి, బాపట్లలో మామిడి తాండ్ర చేసేవాళ్ళది ఒకటి, రేపల్లెలో ఎండుచేపలూ రొయ్యల పచ్చడీ అమ్మే అక్కది ఒకటి. అక్క అంటే తోడబుట్టింది కాదు. మొదటి రోజు ఫోన్లో అలా పిలిచాను, అంతే, అక్క అయిపోయింది.

మొదట్లో ఫోన్ పట్టుకుని ఒక్కో ఖాతాలోకీ వెళ్ళి వేసేదాన్ని. చీరల కొట్టులో పచ్చి రొయ్యలు పెట్టబోయి ఆఖరి క్షణంలో ఆగిన రోజు కూడా ఉంది. ఆ తర్వాత అన్ని ఖాతాలూ ఒకే తెర మీద కనిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి తీసుకున్నాను. అబ్బ, ఏం సుఖమనుకున్నారు! నెల మొదట్లో ఒక ఆదివారం కూర్చుని ఫొటోలూ మాటలూ ఎక్కించి, ఏది ఏ రోజు ఏ గంటకి వెళ్ళాలో చెప్పేస్తే చాలు. నేను వంట చేసుకుంటూ ఉంటే పోస్టులు వాటంతటవే వెళ్ళిపోతుంటాయి. జనానికి బాగా నచ్చిన పాత పోస్టుల్ని ఒక వరసలో పెడితే, కొత్తవి లేని రోజున వాటిలోంచి ఒకటి తీసి అదే వేస్తుంది. ఇంకో సదుపాయం, ప్రతి ఫొటోకీ ఆ ఖాతాకని ఎంచుకున్న రంగుల మెరుగు, ఫిల్టర్ అంటారే అది, దిద్దుతుంది. అక్క ఖాతాకి నేను ముదురు నీలం ఎంచాను. ఫొటోలన్నీ ఒక ఇంటి పిల్లల్లా ఉన్నాయని అక్క ముచ్చటపడింది.

అక్క పుట్టిల్లు నిజాంపట్నం పక్కన బెస్తపాలెం. వాళ్ళ అన్నయ్యకి సొంత బోటుంది. ఆ బోటు తెచ్చిన సరుకే అక్క ఎండబెట్టేది, పచ్చడి పెట్టేది. ఏ రోజు దిగిన సరుకు ఆ రోజే పనిలోకి వెళ్తుందన్నదే ఆవిడ వ్యాపారానికి పేరు. నేను రాకముందు ప్రతి కొనుగోలుదారుకీ స్వయంగా గొంతు రికార్డు చేసి జవాబిచ్చేదట. పని నాకు అప్పగించేటప్పుడు ఒక్కటే అడిగింది, వేసేముందు ఒకసారి చూపించమని. నేను నవ్వేసి, నెలకి సరిపడా ఒకేసారి పెట్టేస్తాను కదక్కా, రోజూ చూపిస్తూ కూర్చుంటే ఇంక మిషన్ ఎందుకన్నాను. పాపం, సరేలే అంది.

అలా అన్నానని నా పనిలో అశ్రద్ధ ఉందనుకోకండి. కార్తీకమాసం వస్తోందంటే ఎవరూ చెప్పకుండానే అక్క పోస్టులన్నీ నెలరోజులపాటు ఆపేశాను. మా వైపు సగం ఇళ్ళల్లో నీసు ముట్టరు, అప్పుడు రొయ్యల ఫొటోలు పెడితే మొహం తిప్పుకుంటారు. అక్క దానికి ఎంత మెచ్చుకుందో. ఊరి పద్ధతులన్నీ నాకు కొట్టిన పిండి అనుకుని తెగ మురిసిపోయాను.

ఏప్రిల్ వచ్చింది. మాది పొలాలున్న కుటుంబం, మాకు ఏప్రిల్ అంటే ఆవకాయ, పెళ్ళిళ్ళు, మామిడికాయల బండ్లు. తాండ్ర వాళ్ళకీ చీరల కొట్టుకీ అదే అసలు సీజను, ఊపిరాడలేదు. అక్క ఖాతాకి కొత్తగా ఏమీ పెట్టలేకపోయాను. ఫర్వాలేదులే, పాతవాటి వరస ఉందిగా, అదే చూసుకుంటుందని వదిలేశాను. ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు బోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదని, అది చేపలు గుడ్లు పెట్టే కాలమని నాకు తెలియదా అంటే తెలుసు. పేపర్లో వార్త తెలిసినట్టు తెలుసు.

మే నెలలో ఒక రోజు పొద్దున తొమ్మిదింటికి సాఫ్ట్‌వేర్ పాత పోస్టొకటి తీసి వేసింది. బోటు పక్కన అక్క వాళ్ళన్నయ్య నిలబడి ఉన్నాడు, కాళ్ళ దగ్గర రొయ్యల కుప్ప. కింద నా రాత: "ఈ తెల్లారే దిగాయి, ఇంకా తడి కూడా ఆరలేదు." పన్నెండు కొట్టేసరికి అక్క ఫోను వచ్చింది. ఆవిడ తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో.

అక్క చెప్పింది ఇదీ. ఆ ఫొటో హార్బర్లో అందరి ఫోన్లలోకీ వెళ్ళిపోయింది. బాపట్ల నుంచి ఇద్దరు అధికారులు వచ్చి, ఈ బోటు ఎప్పుడు వెళ్ళిందని అడిగి రాసుకుని వెళ్ళారు. అది ఒక ఎత్తు. పాలెంలో కట్టుబాటు ఇంకో ఎత్తు. నిషేధంలో అందరూ కడుపు కట్టుకుని కూర్చున్నప్పుడు ఒకడు దొంగతనంగా వేటకెళ్తే, ఆ ఏడాదంతా అతని బోటు ఎవరూ ఎక్కరు, అతని సరుకు వేలంలో ఎవరూ పాడరు. సాయంత్రం ఐదింటికి పెద్దలు కూర్చుంటున్నారు. మనుషులెక్కని బోటుని ఏం చేసుకోవాలి?

నేను ఊరుకుంటానా, అది ఫిబ్రవరి ఫొటో అక్కా, ఆ మాట చెప్పెయ్యండి, దానికింత గొడవేంటి అని ఎగిరాను. అప్పుడు అక్క నెమ్మదిగా చెప్పింది. బోట్లన్నీ ఒడ్డునుండే ఈ రెండు నెలల్లోనే మరమ్మతులు చేసుకుని రంగులు వేసుకుంటారట. అన్నయ్య నిన్నగాక మొన్నే బోటుకి నీలం రంగు వేయించాడు. ఫొటోలో బోటు ఆ నీలంతోనే నిగనిగలాడుతోంది. ఫిబ్రవరిలో ఆ బోటు రంగు వెలిసిపోయి ఉండేదని పాలెంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఆ నిగనిగ నేను పూసింది. వెలిసిన బోటుకి నా ముదురు నీలం మెరుగు పట్టి, ఇంట్లో కూర్చుని కొత్త రంగు వేసేశాను. మెరుగు పెట్టకముందు ఫొటో సాఫ్ట్‌వేర్లో భద్రంగానే ఉంది. ఫోన్లో పంపిస్తానక్కా అన్నాను.

"ఫోన్లో వచ్చిన ఫొటోతోనే కదమ్మా ఈ గొడవంతా. ఇంకోటి పంపితే మాత్రం ఎవరు నమ్ముతారు? నువ్వే రా," అంది.

రేపల్లె రైలెక్కాను. ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, ఏం చెప్పాలో దారి పొడుగునా వల్లె వేసుకున్నాను. వాదించడంలో నన్ను మించినవాళ్ళు మా ఇంట్లో లేరు, ఆ ధైర్యం ఉంది. రేపల్లె స్టేషన్లో అక్క ఆటోతో సిద్ధంగా ఉంది. ఇద్దరం నిజాంపట్నం వెళ్ళాం.

హార్బర్ చేరాం. బోట్లన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి. గాలి నిండా రంగు వాసన. వలలు ముందేసుకుని మగవాళ్ళు చిల్లులు కట్టుకుంటున్నారు. చేపలెండే ఇసక మీద ఒక్క చేప లేదు. వారాల తరబడి ఈ ఊరు ఇలా ఉంటే, నేను తెనాలిలో కూర్చుని ఇక్కడ తాజా రొయ్యలు దింపాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

వేలంపాట జరిగే షెడ్డులో అందరూ కూర్చుని ఉన్నారు. అన్నయ్య ఒక్కడే స్తంభం దగ్గర నిలబడ్డాడు. ఎవరి మొహం వైపూ చూడట్లేదు. నేను వెళ్ళీ వెళ్ళగానే మొదలుపెట్టాను, సాఫ్ట్‌వేర్ అంటే ఏంటో, వరస అంటే ఏంటో, మెరుగంటే ఏంటో. కాసేపు విని, పాలెం పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"మిషన్ సంగతి తర్వాత తల్లీ. ఆ మాట రాసిందెవరు?"

వల్లె వేసుకున్నదంతా ఎగిరిపోయింది. "నేనే బాబాయిగారూ. బోటు వెళ్ళిందో లేదో కనుక్కోకుండా వదిలేశాను. తప్పు నాది, ఆయనది కాదు," అన్నాను. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదని అప్పుడే తెలిసింది.

అసలు ఫొటో తెరిచి లాప్‌టాప్ ఆయన చేతికిచ్చాను. వెలిసిన రంగు, పెచ్చులూడిన అంచు కనిపిస్తున్నాయి. నేను పోస్టు కోసం కత్తిరించేసిన వైపున, బోటు పక్క చెక్క ఒకటి నిలువునా పగిలి ఉంది. మెరుగు తీసేసిన ఫొటో అని ఈవిడంటే నమ్మాలా, రంగు మార్చడం వచ్చినదానికి మళ్ళీ మార్చడం రాదా అని వెనక నుంచి ఎవరో అన్నారు. న్యాయమైన మాటే.

అప్పుడు బోట్లు బాగుచేసే వడ్రంగి ముందుకొచ్చి తెరలోకి వంగి చూశాడు. బయటికెళ్ళాడు. షెడ్డు వెనక పొయ్యిలోకని పడేసిన చెక్కల్లోంచి ఒకటి లాక్కొచ్చి లాప్‌టాప్ పక్కన పడుకోబెట్టాడు. ఫొటోలో పగులు ఎక్కడ మొదలై ఎటు వంకర తిరిగిందో, చెక్క మీదా అక్కడే మొదలై అటే తిరిగింది. నిషేధం పెట్టిన వారంలోనే ఈ చెక్క పీకి కొత్తది వేశానని, ఇది బోటుకి ఉన్నప్పటి ఫొటో అంటే వేట ఆగకముందుదేనని, కావాలంటే బోటు దగ్గరికెళ్ళి చూసుకోమని చెప్పాడు. పెద్దాయన పగులు మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా జరిపాడు. మళ్ళీ తెర మీద అలాగే జరిపాడు.

ఆయన లేచి అన్నయ్య దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. అన్నయ్య పైగుడ్డతో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. అధికారులకి తానే ఫోన్ చేసి చెప్తానని పెద్దాయన అన్నాడు. నాకు మాత్రం ఒక షరతు పెట్టాడు.

"ఇక మీదట మా బోటు వచ్చిందని చెప్పాలంటే నీ కళ్ళతో చూసి చెప్పు."

ఆ సాయంత్రమే అక్క ఖాతాలో ఆ పగిలిన చెక్క ఫొటో పెట్టాను, మెరుగు లేకుండా. వేట లేదు, తాజా సరుకు లేదు, పొద్దున వేసింది పాత ఫొటో, పొరపాటు నాదే, నిల్వ పచ్చడి మాత్రం ఉందని రాశాను. రాసింది వేసేముందు అక్కకి చూపించాను. ఆవిడ చదివి, నేను మొదట్నుంచీ అడిగింది ఇదే కదమ్మా అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సాఫ్ట్‌వేర్ మానేశానా అంటే, ఎందుకు మానేస్తాను? చీరలకీ తాండ్రకీ దాన్ని మించింది లేదు, నా అంత బాగా దాన్ని నడిపేవాళ్ళూ ఈ చుట్టుపక్కల లేరు. అక్క ఖాతాకి మాత్రం పాతవాటి వరస తీసేశాను. కాలెండర్లో పండగల పక్కన సముద్రానికి ఒక గడి పెట్టాను. అందులో ఏం రాయాలో అక్క చెప్తుంది, నేను రాస్తాను.

జూన్‌లో నిషేధం ఎత్తేశారు. అన్నయ్య బోటు మనుషులందరితో బయల్దేరి వెళ్ళింది. తిరిగొస్తుందన్న రోజు పొద్దున్నే మొదటి రైలు పట్టుకుని వెళ్ళి అక్క పక్కన ఒడ్డున నిలబడ్డాను. ఫోన్లో పోస్టు గడి ఖాళీగా ఉంది, ముందుగా ఒక్క అక్షరం రాసిపెట్టలేదు. ఎండెక్కింది. రెండుసార్లు వేరే బోటుని చూసి అదేననుకున్నాను, రెండుసార్లూ అక్క తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత నీలంది ఒకటి కనిపించింది, అక్క నా చెయ్యి పట్టుకుంది.

బోటు ఒడ్డు తాకింది. అన్నయ్య తాడు విసరబోతూ నన్ను చూసి ఆగాడు. నాతో ఆయన మాట్లాడటం అదే మొదటిసారి.

"చూశావా తల్లీ? ఇప్పుడు వెయ్యి."