గుప్పెడు చింతగింజలు

మా పెద్దబాపు పోయాడన్న కబురు కండక్టర్ మామ ఫోనులో చెప్పాడు. అప్పుడు నేను అచ్చంపేట అవతల, పంచాయతీ కార్యదర్శిగా పనిచేస్తున్న ఊళ్లో, నీళ్ల ట్యాంకు కడిగిస్తున్నాను. "బిడ్డా, మీ పెద్దబాపు పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడు. గంతే. మల్ల లేవలే" అన్నాడు. ట్యాంకు మీదున్న మనిషి నీళ్లు వదలమంటారా అని నన్ను మూడుసార్లు అడిగాడట. నాకు వినపడలేదు.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో సున్నపురాయి పొడి పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆయన పేరెత్తితే చుట్టాలంతా ముందు అనే మాట "ఆ పేకాట ఆయనా?" అని. అబద్ధమేం కాదు. మా పెద్దబాపు పోకర్ ఆడేవాడు. ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో ఉండే ఉత్తరాది ఇంజనీర్ల దగ్గర నేర్చుకున్నాడు. అలాగని గొప్ప ఆటగాడేమీ కాదు. పాతికేళ్లు ఆడి కూడా మంచి ముక్కలొస్తే మొహం దాచుకోవడం చేతకాని మనిషి.

ఆట తెలియనివాళ్లకు రెండు మాటల్లో చెబుతాను. ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలుంటాయి, అవి ఎవరివి వాళ్లకే కనబడతాయి. మధ్యలో పరిచే ఐదు ముక్కలు అందరివీ. అన్నీ కలిపి చూసుకున్నప్పుడు ఎవరివి పెద్దవైతే వాళ్లది గెలుపు. నచ్చకపోతే ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. ఏమీ లేకపోయినా ఉన్నట్టు నటించి ఎదుటివాళ్లను బెదరగొట్టనూ వచ్చు. పందానికి బయట రంగురంగుల బిళ్లలు వాడతారు. మా పెద్దబాపు ఇంట్లో చింతగింజలు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో చాప పడేది. మనిషికి రెండు దోసిళ్ల గింజలు. ఆర్టీసీలో చేసి రిటైరైన కండక్టర్ మామ, బజార్లో మిషను పెట్టుకున్న టైలరన్న, పెద్దబాపు. నాలుగో మనిషిగా నేను ఎలా చేరానో చెప్పాలి.

సర్కారు కొలువు కోసం రాసిన పరీక్ష మూడోసారి పోయాక నేను కేతేపల్లిలో మా ఇంట్లో గది తలుపేసుకుని కూర్చున్నాను. పుస్తకాలు కట్టగట్టి అటక మీద పడేశాను. ఎవరు పలకరించినా చిరాకు. తిండి కూడా మా అమ్మ పోరు పడలేక తినేదాన్ని. మా బాపు ఏం చెప్పాలో తెలియక అన్నకు ఫోను చేశాడు. మర్నాడే పెద్దబాపు బస్సెక్కి వచ్చాడు. చదువు ఊసే ఎత్తలేదు. "మీ పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. జర కొన్ని దినాలు నా ఎంబడి రా బిడ్డా" అని మేళ్లచెరువుకు తీసుకుపోయాడు. తీరా వెళ్లి చూస్తే పెద్దమ్మ మోకాళ్లు నా మోకాళ్ల కంటే బాగున్నాయి.

ఆ ఆదివారం నన్ను చాప మీద కూర్చోబెట్టారు. ముప్పావుగంటలో నా గింజలన్నీ ఊడ్చుకుపోయాయి. నాకు ఒళ్లు మండిపోయింది. పరీక్షల్లో ఓడింది చాలదా, వీళ్ల దగ్గర కూడానా అని లేవబోయాను. పెద్దబాపు తల కూడా ఎత్తకుండా తన కుప్పలోంచి గుప్పెడు గింజలు నా ముందుకు నెట్టాడు.

"ఆడు. ఊకె కూసోకు."

"ఓడిపోయిన కదా పెద్దబాపూ!"

"ఓడినోళ్లు లేసిపోతే గెలిచినోడు గోడతోని ఆడుతడా?"

అది ఆ ఇంటి పద్ధతి. ఎవరి గింజలు అయిపోతే వాళ్లకు ఎక్కువున్నవాళ్లు గుప్పెడు నెట్టాలి. అప్పు కాదు, తిరిగి అడగరు. పోకర్ తెలిసినవాళ్లు వింటే నవ్వుతారు. ఓడినవాడు లేచిపోవడమే ఆ ఆటకు అసలు రుచి కదా. నేను కూడా ఒకసారి అదే అడిగాను. అప్పుడు చెప్పాడు. ఉద్యోగం చేసే రోజుల్లో క్వార్టర్లలో పైసలు పెట్టి ఆడేవారట. తనతో ల్యాబులో పనిచేసే ఒక స్నేహితుడు ఒక్క రాత్రి ఆటలో నెల జీతం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఆటకు రావడం మానేశాడు, పలకరించడమూ మానేశాడు, చివరకు వేరే ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు. "గెలిచినోన్ని నేనే బిడ్డా" అన్నాడు పెద్దబాపు.

ఓడిపోయే కాలం వస్తే ఆయన వరసగా ఎనిమిది, తొమ్మిది ఆదివారాలు ఓడేవాడు. పడేయాల్సిన ముక్కలు పడేయలేకపోవడం ఆయన జబ్బు. "జర చూద్దాం తియ్" అంటూ ఆఖరు ముక్క దాకా పోయేవాడు. గెలిచే కాలం వస్తే ఇంకా కష్టం. చేతిలో ఆసుల జత పడిందంటే మొహం చాటంత చేసుకుని, ఏమీ ఎరగనట్టు లోపలికి కేకేసేవాడు, "చాయ్ పెడుతవా?" అని. వంటింట్లోంచి పెద్దమ్మ జవాబు ఒకటే: "పడేయుర్రి పడేయుర్రి! ఆయనకు మంచి పత్తాలొచ్చినయ్!" మేం ముగ్గురం పడేసేవాళ్లం. అంత మంచి ముక్కలకు ఆయనకు దక్కేవి నాలుగు గింజలు. "ఇంట్లనే దొంగలున్నంక ఏం ఆడుతం" అని గొణుక్కుంటూ చాయ్ తాగేవాడు.

పెద్దమ్మకు పేకాటంటే గిట్టదు. ఆమె చాప దగ్గరకు వచ్చిందే లేదు. కానీ ఏటా ఎండాకాలం చింతపండు కొట్టి గింజ తీసేటప్పుడు, పెద్ద గింజలు మాత్రం ఏరి, కడిగి, ఆరబెట్టి డబ్బాలో పోసేది. ఎందుకని ఎవరైనా అడిగితే కసురుకునేది.

నేను అక్కడ ఉండగానే, అరవై ఐదో ఏట పెద్దబాపుకు ఒక కోరిక పుట్టింది. గోవాలో జరిగే పోకర్ పోటీలో ఒక్కసారి కూర్చోవాలి. పెద్దమ్మ మొదట తిట్టింది, తర్వాత సముద్రం చూపిస్తానంటే ఒప్పుకుంది. ముగ్గురం వెళ్లాం. తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలతో ఆయన ఆ హాల్లో కూర్చుంటే, చూసేవాళ్లకు కట్టిన తాడు ఇవతల నిలబడి, ఇక ఓడడమే అనుకున్నాను. అయితే ఆ రోజు ఆయనకు ముక్కలు పడ్డాయి. పడేయాల్సినవి పడేశాడు కూడా! చాయ్ అడగలేదు. రెండు గంటలు గడిచేసరికి ఆ బల్ల మీద రెండో పెద్ద కుప్ప మా పెద్దబాపుది.

అప్పుడు పక్క కుర్చీలో టోపీ పెట్టుకున్న కుర్రాడు తన బిళ్లలన్నీ పోగొట్టుకున్నాడు. మొహం పాలిపోయి లేవబోతున్నాడు. మా పెద్దబాపు, చాప మీద ఉన్నట్టే, తల ఎత్తకుండా గుప్పెడు బిళ్లలు అతని ముందుకు నెట్టాడు. "ఆడు బిడ్డా. ఊకె కూసోకు" అన్నాడు, తెలుగులోనే.

ముక్కలు పంచే అమ్మాయి చెయ్యెత్తి ఎవరినో పిలిచింది. కోటు వేసుకున్న ఒకాయన వచ్చి, ఒకరి బిళ్లలు ఇంకొకరికి ఇవ్వడం ఇక్కడ పెద్ద తప్పని మర్యాదగానే చెప్పి, పెద్దబాపును పోటీలోంచి తప్పించాడు. ఆయన తువ్వాలు దులుపుకుని, అందరికీ దండం పెట్టి బయటకు వచ్చాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "గెలుస్తుంటివి కదా పెద్దబాపూ!" అంటే, "చెయ్యి దానంతట అదే పోయింది బిడ్డా" అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా. పెద్దమ్మ విషయం విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఆ సాయంత్రం ముగ్గురం సముద్రం ఒడ్డున కూర్చుని మొక్కజొన్న కంకులు తిన్నాం. ఆయన మాత్రం ఆ కుర్రాడి గురించే ఆలోచించాడు. "ఎంత దూరం నుంచి వచ్చిండో ఏమో పాపం" అని.

గోవా నుంచి వచ్చిన వారానికి నేను కేతేపల్లి వెళ్లి అటక మీది పుస్తకాలు దించాను. ఎవరూ చెప్పలేదు. ఆయన మొహంలో ఓటమి కోసం ఎంత వెతికినా కనబడకపోవడమే కారణమనుకుంటాను. మేళ్లచెరువులోనే ఉండి చదివాను. పెద్ద కొలువు రాలేదు, పంచాయతీ కార్యదర్శి ఉద్యోగం వచ్చింది. చిన్నదేనని నసుగుతూ చెబితే పెద్దబాపు కసిరాడు: "వచ్చిన గింజలు ముందల దగ్గరికి గుంజుకో. మల్ల ఆట ఉండనే ఉండె." ఈ రోజు నాకంటూ ఒక కుర్చీ, ఒక ఊరి బాగోగులు చూసే పని ఉన్నాయంటే అది ఆయన నెట్టిన గుప్పెడే. బతికుండగా ఈ మాట ఆయనతో అనలేదు. అంటే చాయ్ పెట్టమని మాట మార్చేసేవాడు.

పదకొండో రోజు చుట్టాలంతా వెళ్లిపోయాక మధ్యాహ్నం వరండాలో ముగ్గురం మిగిలాం. కండక్టర్ మామ గింజల సంచి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "ఇగ ఆట బందే బిడ్డా. గుర్తుకు నువ్వు ఉంచుకో" అన్నాడు. టైలరన్న గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకు లేచి వెళ్లిపోవాలనిపించింది. లేవబోయాను కూడా.

లోపలి నుంచి పెద్దమ్మ వచ్చింది. ఆయన పోయిన రోజు పొద్దున సగం కొట్టి వదిలేసిన చింతపండు బుట్టలోంచి గింజలు చెంగులో పోసుకుని తెచ్చింది. కడగలేదు, ఆరబెట్టలేదు. పెద్దబాపు కూర్చునే జాగాలో కూర్చుని, మా ముగ్గురి ముందుకూ తలా ఒక గుప్పెడు నెట్టింది.

"ఎయ్యుర్రి పత్తాలు. ఊకె కూసోకుర్రి."

"నీకు ఆట రాదు కద పెద్దమ్మా" అన్నాను.

"ఇన్నేండ్ల సంది ఇంటున్న. ఎందుకు రాదు?"

నేనే పంచాను. ఒక ముక్క జారి కింద పడింది. పెద్దమ్మ తన రెండు ముక్కలూ దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది. మొహంలో ఏమీ కనబడలేదు. వాటిని బోర్లించి, మా ముగ్గురి వైపూ చూసి మెల్లగా అడిగింది:

"చాయ్ పెట్టాల్నా?"

మేం ముగ్గురం ముక్కలు పడేశాం. ఆమె పందానికి మధ్యలో వేసిన గింజలన్నీ రెండు చేతులతో దగ్గరికి గుంజుకుంది. ఆమె ముక్కలేమిటో మేమెవరం తిప్పి చూడలేదు. ఆ కుప్పలోకి పోవాల్సిన ఒక్క గింజ మాత్రం, ఇంకా చింతపండు పట్టుకుని ఉండి, నా అరచేతికి అంటుకుపోయింది.