బావ ఏరిన ఖాళీ తూటాలు

మొన్న ప్రొద్దుటూరులో నగల కొట్టు ఆచారి నా ఉంగరాన్ని అద్దాల త్రాసులో పెట్టి, అంకెలు నిలిచేదాకా ఊపిరి బిగబట్టాడు. అలా ఊపిరి బిగబట్టే మనిషిని నేను దోహాలో ఒకణ్ణి ఎరుగుదును. మా మేనత్త కొడుకు, నాకు బావ.

తొంభైలనాటి మాట. నేను దోహా దగ్గరి మెసయీద్‌లో ఒక కంపెనీ గుమస్తాను, బావ దోహాలో ఒక అరబ్బు ఇంటి డ్రైవరు. ఆ కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానికి, తుపాకి పోటీల పిచ్చి. కొన్న తూటాలు ఆయనకు ఆనవు. పేలిన ఇత్తడి గొట్టాల్లోనే మళ్ళీ మందు కూరుకునేవాడు. గొట్టాల బరువులో ఆవగింజంత తేడా ఉన్నా దూరాన గుండు ఎగుడుదిగుడుగా తగులుతుందట. అందుకని వాటిని కడిగి, మూతి చిట్లినవి పారేసి, ఒక్కొక్కటే తూచి, ఒకే బరువున్నవి ఒక డబ్బాలో వేసే పని బావ మీద పడింది. రానురాను కారు నడపడం కంటే అదే ఎక్కువైంది. శుక్రవారాలు నేను వెళ్ళేసరికి, గాలికి త్రాసు కదులుతుందని ఏసీ ఆపేసి చెమటలు కక్కుతూ కూర్చుని ఉండేవాడు. "ఇంత దూరమొచ్చి ఇత్తడి తోముకుంటాండా. మీ అక్కకు చెప్పొద్దురా, నవ్వుతాది" అనేవాడు. అక్క అంటే ఊళ్ళో ఉన్న ఆయన భార్య, నేనలాగే పిలిచేవాణ్ణి.

ఒక ఏడాది ఎండలింకా తగ్గకముందే, అక్క కడుపులో గడ్డ ముదిరిందనీ, డాక్టర్లు చేతులెత్తేశారనీ ఉత్తరం వచ్చింది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుంది. బావ వెళ్ళి అడిగితే, "బాదిన్, తర్వాత. పోటీ అయ్యాక పో. డ్రైవర్లు ఎందరైనా దొరుకుతారు, నీ చెయ్యి దొరకదు" అని మెచ్చుకోలుగా భుజం తట్టాడట. పోటీకి రెండు నెలలుంది.

నేనే సలహా చెప్పాను: "బరువులన్నీ కలిపెయ్ బావా. పని చేతకాదని తనే పంపించేస్తాడు." బావ నా ఎదుటే డబ్బాలన్నీ పరుపు మీద బోర్లించి కలిపేశాడు. మరుసటి శుక్రవారం వెళితే మళ్ళీ వాటినే ఏరుతున్నాడు. "చెడగొడితే పంపుతాడని ఏం నమ్మకంరా? మళ్ళా మొదట్నుంచి చెయ్యమంటాడు. బాగా చేస్తేనన్నా మనసు కరుగుతాదేమో" అన్నాడు.

పోటీ ఇంకా మూడు వారాలుందనగా అక్క పోయింది. ఫోను నా కంపెనీకి వచ్చింది. చెప్పవలసినవాణ్ణి నేనే అయ్యాను. బావ త్రాసు మీది గొట్టాన్ని తీసి దాని డబ్బాలో వేశాడు. ఆ సాయంత్రమే కఫీల్ కళ్ళనీళ్ళతో పాస్‌పోర్టు తెచ్చిచ్చాడు. బావ తీసుకోలేదు. "ఇంగ పోయి ఎవర్ని చూడల్ల?" అన్నాడు నాతో. పోటీలో కఫీల్ ఓడిపోయాడు, గాలి అడ్డం తిరిగిందట. బావ ఆ గదిలోనే మరో ఆరేళ్ళు గొట్టాలు ఏరాడు.

అక్కకు రెండు నెలల కాలం లేదని ఉత్తరం వచ్చినప్పుడే మా ఇద్దరికీ తెలుసు. అయినా ప్రతి శుక్రవారం కూర్చుని, పోటీ ఇంకెన్నాళ్ళుందో లెక్కపెట్టాం.