దేవరాజులు తీసేసిన ఎనిమిది

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి స్కానింగు మిషన్ వచ్చినప్పుడు దాన్ని చూడటానికే జనం విరగబడ్డారు. దాన్ని ముట్టుకునే హక్కు మాత్రం దేవరాజులుది. ఇరవై ఏళ్లు ఎక్స్‌రే గదిలో ఫిల్ములు కడిగి కడిగి గోళ్లు పుచ్చిపోయిన మనిషి. అనుమానం ఆయన పుట్టుగుణం. తలుపుకు తాళం వేసి, నాలుగడుగులు పోయి, వెనక్కొచ్చి లాగి చూస్తేగాని అన్నం సయించదు.

అలాంటివాడికి ఆ మిషన్ నిజం చెబుతోందో లేదో తేల్చే పని అప్పగించారు. రోజూ పొద్దున్నే రోగులకన్నా ముందు నీళ్లు నింపిన ప్లాస్టిక్ డబ్బాను స్కాన్ చెయ్యాలి. నీళ్లకు మిషన్ సున్నా చూపాలి. నాలుగు అటూ ఇటూ అయితే ఫరవాలేదు, దాటితే ఆపెయ్యాలి. తలలో కనబడింది ఉత్త నీటితిత్తా, గడ్డా అని డాక్టర్లు తేల్చుకునేది ఆ అంకెను బట్టే. యాభై చోట్ల అంకెలు రాసుకుని, కూడి, సగటు తీసేసరికి గంట పట్టేది. దేవరాజులు యూనివర్సిటీలో ఒక లెక్చరరును పట్టుకుని, ఆర్నెల్ల పాటు సాయంత్రాలు సైకిలు తొక్కి కంప్యూటరు నేర్చుకున్నాడు. సొంతంగా ప్రోగ్రాం రాశాడు. అంకెలు అదే తీసుకుంటుంది, లెక్క అదే కడుతుంది, కానివ్వమనో ఆపమనో అదే చెబుతుంది. మనిషి వేలు పెట్టే పనే లేదు. ముక్కోపి డాక్టర్ ప్రేమానందం కూడా వీపు తట్టాడు.

ఎనభై ఏడులో ఆయుధపూజ వచ్చింది. మిషన్‌కు దండ వేశారు, గుమ్మడికాయ కొట్టారు. బస్సుకూ బీరువాకూ నామం పెట్టే ఊళ్లో నీళ్ల డబ్బా ఏం పాపం చేసింది? దేవరాజులే తిరుమణి చిక్కగా అరగదీసి, డబ్బా చుట్టూ పన్నెండు నామాలు దిద్దాడు.

మర్నాడు ప్రోగ్రాం ఆపమంది. నీళ్లు మార్చాడు, వైర్లు ఊడదీసి బిగించాడు. ఎనిమిది ఎక్కువే వస్తోంది. తిరుమణి అంటే మట్టే, మట్టి ఆ మిషన్ ఎక్స్‌రేను అడ్డుకుంటుందన్న సంగతి అంత అనుమానపు బుర్రకూ తట్టలేదు. లోకంలో అన్నిటినీ అనుమానించాడు గాని స్వామి నామాన్ని అనుమానించలేకపోయాడు. రెండు రోజులు మిషన్ ఆగింది. వరండా నిండా రోగులు.

"నీ లెక్క కోసం వీళ్లనందరినీ చంపుకోమంటావా? ఏదో ఒకటి చెయ్యి!" అని ప్రేమానందం అరిచాడు.

దేవరాజులు ప్రోగ్రాంలో ఒక్క వరుస చేర్చాడు. వచ్చిన అంకెలోంచి ఎనిమిది తీసెయ్యమన్నాడు. ప్రోగ్రాం కానివ్వమంది.

అటెండరు మునెయ్య రోజూ తుడిచే తుడుపుకు నామాలు కొంచెం కొంచెంగా చెరిగిపోయాయి. ఈలోగా మిషనే నిజంగా చెడి, నామాలు చెరిగి తగ్గిన మేరకు తానే అంకెలు పెంచి చూపసాగింది. ప్రోగ్రాం మాత్రం ఎనిమిది తీసేసి అంతా బాగుందంటూ వచ్చింది. ఫిబ్రవరిలో ఒకనాడు నీళ్లు మార్చబోయి, బోసిగా ఉన్న డబ్బాను చూశాక గాని, ఆ ఎనిమిది నామాలదేనని దేవరాజులుకు తట్టలేదు. ఆ వరుస కొట్టేసి మళ్లీ చూశాడు. పదకొండు!

మిషన్ ఆపించి, పాత స్కాన్లన్నీ తిరగేశాడు. ఒక్క పేరు దగ్గర వేలు ఆగిపోయింది. నగరి మునెమ్మ, చేనేత. నెలా పదిరోజుల కిందట తలలో గడ్డ అని రాసి ఆపరేషనుకు మద్రాసు పంపారు. లెక్క సరిచేసి చూస్తే అది గడ్డ కాదు, ఉత్త నీటితిత్తి. కత్తి పెట్టనక్కర్లేదు. మద్రాసులో ఏ ఆసుపత్రో ఎక్కడా రాసి లేదు. అక్కడ మంచం దొరకడానికే నెలలు పడుతుంది, ఇంకా కోసి ఉండరు, దేవుడా కోసి ఉండకూడదు అనుకుంటూ చెప్పులు మరిచిపోయి బస్సెక్కాడు. నగరి దాకా కూర్చోలేక నిలబడే పోయాడు.

ఇంట్లో మగ్గం ఖాళీగా ఉంది. మునెమ్మ గడప పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది, తలకు కట్టుతో. దేవరాజులు గడప దాటలేదు.

మొగుడు దొరస్వామి గుండుతో ఎదురొచ్చాడు. "స్కానింగప్పా గదా నువ్వు! లోపలికి రాప్పా. తెరిసి సూస్తే గడ్డే లేదంట, నీళ్లంట! కొండకు మొక్కుకున్యాం. స్వామి గడ్డను నీళ్లు సేసేసినాడు."

ఆ మాట అలాగే ఉండనిచ్చి, ఒక దండం పెట్టి వచ్చెయ్యొచ్చు. అడిగేవాడు లేడు. దేవరాజులుకు ఒక్క క్షణం ఆ ఆశ పుట్టింది కూడా. పుట్టినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"స్వామి సెయ్యలేదప్పా," అన్నాడు. "అది మొదట్నించీ నీళ్లే. లెక్క నేను సెడగొట్టినాను. కొయ్యాల్సిన పనే లేదు."

దొరస్వామి నవ్వబోయి ఆగిపోయాడు. పెళ్లాం ఒళ్లో పడి ఉన్న కుడిచేతికేసి చూశాడు. ఆపరేషను తర్వాత అది లేవలేదు.

"సెయ్యి పోయినా పానం దక్కింది గదా అని గుండు కొట్టిచ్చుకున్యాను," అన్నాడు. "ఇప్పుడు ఆమెకు ఏమని సెప్పేదప్పా?"

చెప్పనక్కర్లేకపోయింది. మునెమ్మకు మాట పోయిందిగాని చెవులు బాగానే ఉన్నాయి. ఆమె ఎడమచేత్తో తన కుడిచేతిని ఎత్తి, తెచ్చి, దేవరాజులు చేతిలో పెట్టింది.