తొంభై ఆరు పంక్తుల కోత

మొత్తం పోయినవి తొంభై ఆరు పంక్తులు. మాటలు డెబ్బై ఒకటి, హాస్యాలు పదిహేడు, సొంత ఊరి ముచ్చట్లు ఎనిమిది. అన్నీ ఒకే పాత్రవి. తీసేసింది నేను.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు సంగతి ఇది. ప్రొద్దుటూరులోని ఒక ప్రెస్సులో పేజీల అంచనా నా పని. చేతిప్రతి చూసి ఎన్ని ఫారాలవుతుందో చెప్పాలి. ఫారమంటే ఒక పెద్ద కాగితం మడిస్తే వచ్చే పదహారు పేజీలు. పదో తరగతి తప్పిన నేను ఈ లెక్క సొంతంగా నేర్చుకున్నాను.

జమ్మలమడుగు టీచరు నాగమునయ్య తాను రాసిన నవల తెచ్చాడు. గోదావరి వైపు నుంచి పులివెందులకు వచ్చిన బోరు మేస్త్రీ కథ. అలాంటి పరాయి మనిషి మీద నేనూ పదేళ్లుగా ఒక కథ రాస్తూ, చించుతూ ఉన్నాను. నా మనిషికి ప్రాణం రాలేదు. ఈ మేస్త్రీ మొదటి పేజీలోనే రాగి సంకటి ముద్దను చూసి, "దీన్ని నమలాలా, దణ్ణం పెట్టాలా అండీ?" అని అడుగుతాడు. నవ్వొచ్చింది. వెంటనే కడుపు మండింది.

నూట ముప్పై రెండు పేజీలు వచ్చాయి. ఎనిమిది ఫారాల్లో పట్టేవి నూట ఇరవై ఎనిమిదే. మిగిలిన నాలుగింటికి, పేజీకి ఇరవై నాలుగు చొప్పున, తొంభై ఆరు పంక్తులు. ప్రతి అధ్యాయాన్నీ కొత్త పేజీలో కాకుండా వరసగా మొదలుపెడితే సరిపోయేది. ఆ సంగతి చెప్పలేదు. కోయాలన్నాను.

"నీ లెక్క నీది మామా. యాడ బరువుంటే ఆడ తగ్గించు," అని నాగమునయ్య బస్సెక్కాడు.

మేస్త్రీ బాగున్న చోటల్లా కోశాను. పుస్తకం వచ్చాక, ఆ మేస్త్రీ నోరు మెదపకుండానే భయపెట్టాడని పాఠకులు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. కోత నాది, పేరు నాగమునయ్యకు. దానికీ ఓర్వలేకపోయాను.

ఒకరోజు నాగమునయ్య వెంట అసలు మేస్త్రీ సూరిబాబు ప్రెస్సుకు వచ్చాడు. నాగమునయ్య నవలలో రాసినవి ఇతని మాటలే. ఇంటికి పంపడానికి ఒక ప్రతి కావాలన్నాడు. నిలబడే సగం తిరగేశాడు.

"నేనేమన్నా మూగోణ్ణాండీ? పుస్తకమంతా గుడ్లురుముతా నిలబడ్డానేంటండీ? ఇది చదివితే మా ఆవిడ, ఇన్నేళ్లు తనతో గొడవపడిందెవరని అడుగుద్దండీ!"

నాగమునయ్య నా వైపు తిరిగాడు. "ఏంది మామా, మాటకు ముందు నవ్వే మనిషిని దొంగ మాదిరి నిలబెడితివే! కోస్తా వాళ్లు మనల్ని కత్తులు పట్టినోళ్ల మాదిరి రాస్తాండారని శానా తిడతాంటివే. నువ్వు చేసిందేంది?"

ఏమీ కోయకుండా అధ్యాయాలు కలిపితే సరిపోయేదని అప్పుడు ఒప్పుకున్నాను. సూరిబాబు పుస్తకం బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు.

అచ్చయ్యాక చేతిప్రతిని చిత్తుకాగితాల్లో వేసేయడం మా ప్రెస్సు అలవాటు. కంప్యూటర్లో కోసిన ప్రతే మిగిలింది. నేను రిటైరయ్యే ముందు రెండో ముద్రణ వేశారు. నాగమునయ్యా నేనూ కూర్చుని గుర్తున్నవి రాశాం. అరవై తిరిగొచ్చాయి. అధ్యాయాలు వరసగా కలిపితే ఎనిమిది ఫారాల్లోనే పట్టాయి.

పరాయివాణ్ణి చెడ్డగా చూపడానికి ఒక్క చెడ్డమాట రాయనక్కర్లేదు. అతని మాటలు తీసేస్తే చాలు, మిగతాది పాఠకుడే ఊహించుకుంటాడు. సూరిబాబు బోరు బండితో ఎటు పోయాడో తెలియదు. అతనికి నేనింకా ముప్పై ఆరు పంక్తులు బాకీ.