వెల్డింగక్క పెట్టిన షరతు

పనిచేసే చోట నోరు మెదపకూడదన్నది వెల్డింగక్కకు బాగా ఒంటబట్టిన విద్య. బాయిలర్లు బాగుచేసే షెడ్డులో పదకొండేళ్ళుగా ఆమెది అద్దం పని. గొట్టం గోడకు ఆనుకుని ఉంటే వెనక వైపు అతుకు కంటికి కనబడదు. చిన్న అద్దం ఆనించి, అందులో నిప్పును చూస్తూ, కుడి ఎడమలు తారుమారైనా చెయ్యి తడబడకుండా అతకాలి. షెడ్డు మొత్తానికి అది చేతనైనది ఆమె ఒక్కదానికే. హాజరు పుస్తకంలో మాత్రం ఆమె హెల్పరు!

ఎప్పుడైనా ఆ మాటెత్తితే యజమాని గేటు వైపు చూపించేవాడు. అక్కడ రోజూ పనికోసం పాతికమంది నిలబడి ఉండేవారు. వాళ్ళలో అద్దం పని వచ్చినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని ఆమె ఎదురడగలేదు. అడిగి ఉంటే ఎంత బాగుండేది! కానీ మొగుడు ఎప్పుడో తన దారి తాను చూసుకున్నాడు, తొమ్మిదేళ్ళ కూతురుంది. అందుకే నోట్లో నాలుక లేనట్టే ఉండిపోయింది.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ విదేశీ కంపెనీలవాళ్ళు దేశాలు దాటి వచ్చారు. మొదట వచ్చినవాళ్ళు పాస్‌పోర్టు తమ బీరువాలోనే ఉంటుందని, పిల్లల ఊసెత్తొద్దని ముందే చెప్పేశారు. వాళ్ళకూ వెల్డర్లు కరువే, బుద్ధి మాత్రం రాలేదు. రెండో దేశం తీరు వేరు. అక్కడ పాత వెల్డర్లు రిటైరవుతున్నారు, కుర్రకారు ఆ పని మొహం చూడటం లేదు. వీళ్ళు ముందు పని చూపించమన్నారు. ఆమె అతికిన గొట్టానికి ఎక్స్‌రే తీస్తే అతుకులో సూదిమొనంత గాలిబుడగ కూడా దొరకలేదు.

ఇంటర్వ్యూ రోజు వెల్డింగక్కకు ఆమె సొంత అక్క ఆఫీసు మెట్లదాకా తోడొచ్చింది. బెల్లం కొట్టిన రాయిలా కూర్చోవద్దని, ఇంకేం అడిగినా అడక్కపోయినా పిల్ల సంగతి అడగమని వెయ్యిసార్లు చెప్పి పంపింది.

గదిలో బల్లకు అవతల కంపెనీ పెద్దాయన, పక్కన దుబాసీ కుర్చీల్లో ఉన్నారు. పెద్దాయన ఏదో అడిగాడు.

"మా దగ్గరికి రావాలంటే మీకేం కావాలి అంటున్నారండీ," అన్నాడు దుబాసీ.

వెల్డింగక్క బిత్తరపోయింది. ఆ ప్రశ్న పుట్టి బుద్ధెరిగాక ఆమెను ఎవరూ అడగలేదు.

"షెడ్డు కూడా నేనే ఊడుస్తాను బాబూ," అంది.

తల బాదుకోవాలనిపించదూ! దుబాసీ కాస్త తటపటాయించి, ఉన్నదున్నట్టు చెప్పాడు. పెద్దాయన కళ్ళజోడు తీసేసి ఆమె వైపు చూశాడు. ఊడ్చేందుకు వేరే మనుషులున్నారని, ఆమెకేం కావాలో చెప్పమని మళ్ళీ అడిగించాడు. అప్పుడు కూతురి సంగతి చెప్పింది. తీసుకురావచ్చు గానీ మొదటి ఆరు నెలలు ఒంటరిగా ఉండాలట, అది కంపెనీ నియమమట.

ఆరు నెలలు! పిల్లను వదలాలంటే తన అక్క ఇల్లొక్కటే దిక్కు, అక్కడ ఉన్నదే ఒక గది, అందులో అప్పటికే ఐదుగురు. అన్నిటికీ మించి, తండ్రి వెళ్ళిపోయినప్పటినుంచి ఆ పిల్ల తల్లి కొంగు చేతికి చుట్టుకుంటే గానీ నిద్రపోదు.

"పాప లేకుండా నేను రానండి."

ఒక యజమానికి కాదని చెప్పడం ఆమెకు అదే మొదటిసారి. పెద్దాయన ఫోను పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళాడు. నోటికాడి కూడు కాలదన్నుకున్నానని ఆమెకు భయమేసింది. గోడ అవతల ఆయన గొంతు పెద్దదవుతుంటే తననే తిడుతున్నాడనుకుంది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

ఆయన తిరిగొచ్చి రెండు ముక్కలు చెప్పాడు. దుబాసీ నవ్వుతూ అందుకున్నాడు. తల్లీకూతుళ్ళిద్దరూ కలిసే రావచ్చట. అరుపులు ఆమె మీద కాదు, కంపెనీ పైవాళ్ళ మీద.

"మీరు రాకపోతే ఈ చలికాలం రెండు బాయిలర్లు వెలగవని పోట్లాడారండీ."

వెల్డింగక్క ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది. పెద్దాయన ముందుకు తోసిన కాగితం మీద చెయ్యి పెట్టి, భోరున ఏడ్చేసింది. కాగితంలో ఏమైనా తప్పుందా అని దుబాసీ కంగారుగా అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పదకొండేళ్ళూ నా చేతిలోనే పస లేదనుకున్నాను బాబూ."